సరిచేసిన కన్ను

తణుకులో సినిమా హాళ్ళ వీధిన పడి ఎవరినడిగినా చంద్రరావు స్టూడియో చూపిస్తారు. ఆయన చేతిలో పడితే ఎలాంటి మొహమైనా పెళ్ళికళతో తేలుతుందని కూడా చెబుతారు. ఆ మాట చెవిన పడితే ఒకప్పుడు చంద్రరావు మీసం చాటున నవ్వుకునేవాడు. ఇప్పుడు ఎవరైనా మెచ్చుకోబోతే ఏదో పనున్నట్టు లోపలి గదిలోకి వెళ్ళిపోతాడు. ఎందుకు వెళ్ళిపోతాడో తెలియాలంటే కాస్త ఓపిగ్గా వినాలి.

పుట్టింది వైశ్యుల ఇంట. తండ్రికి బజారులో బెల్లం కొట్టుండేది. దాని మీద కూర్చోరా అంటే కూర్చోకుండా, రాజమండ్రి పోయి ఒక పాత స్టూడియోలో పనికి కుదిరాడు. మా వాడు మొహాలు అమ్ముకుని బతుకుతాడటయ్యా అని తండ్రి బజారంతా చెప్పుకుని నవ్వాడు, ఇంటికొచ్చి ఏడ్చాడు. అక్కడ చంద్రరావుకి అబ్బిన విద్య టచింగ్. నెగటివ్‌ని అద్దం బల్ల మీద పెట్టి, కింద నుంచి వెలుతురిచ్చి, సన్నగా చెక్కిన పెన్సిలుతో మొటిమలూ, మచ్చలూ, కళ్ళ కింది నలుపూ కనబడకుండా పూడ్చేయడమే టచింగ్. మనిషి ఎలా ఉన్నాడని చూడకు, ఎలా ఉంటే బాగుంటాడో చూడు అని గురువు చెప్పేవాడు. చంద్రరావు ఆ మాటని మంత్రోపదేశంలా పట్టుకున్నాడు. పట్టుకుని బాగుపడ్డాడు కూడా, కాదనకూడదు. తణుకు వచ్చి సొంతంగా స్టూడియో పెట్టాక ఆయన టచింగ్ చేసిన పెళ్ళిచూపుల ఫొటోలతో ఎన్ని సంబంధాలు కుదిరాయో.

తొంభై ఎనిమిదిలో ధైర్యం చేసి ఒక కంప్యూటరూ, స్కానరూ తెచ్చి లోపలి గదిలో పెట్టాడు. భార్య కన్యకాపరమేశ్వరి వాటికి పసుపూ కుంకుమా పెట్టి, ఇందులో సీరియల్ రాదా అని అడిగి, రాదని తెలిశాక మళ్ళీ వాటి మొహం చూడలేదు. చంద్రరావు మాత్రం వాటి ముందు నుంచి లేచేవాడు కాదు. పెంకుటిళ్ళలో చెమ్మ దిగి బూజు పట్టిన ఫొటోలు, చెదలు కొట్టినవి, అద్దానికి అంటుకుపోయినవి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చీరముక్కల్లో చుట్టుకుని తెచ్చేవారు. పోయిన ముక్కుని, ఊడిన చెవిని చంద్రరావు ఓపిగ్గా మళ్ళీ అతికేవాడు.

కంప్యూటర్లో బాగుచేసినంత మాత్రాన పని అయిపోయేది కాదు. అప్పటి ప్రింటర్లు ఇచ్చే బొమ్మ రెండు వానాకాలాలకి వెలిసిపోయేది. కలకాలం నిలవాలంటే నెగటివ్ నుంచి కాగితం మీద కడిగిన ఫొటోయే కావాలి. అందుకని పాత ఫొటోకి కొత్త నెగటివ్ పుట్టించే ఉపాయం ఒకటి చేశాడు. గది తలుపులు మూసి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, కంప్యూటర్ తెర ముందు స్టాండు మీద కెమెరా బిగించేవాడు. బాగుచేసిన బొమ్మని తెర నిండా పెట్టి నలుపు తెలుపు ఫిల్ము మీదికి దింపేవాడు. తెర మీది గీతలు పడకుండా షట్టర్ నెమ్మదిగా తెరుచుకుని నెమ్మదిగా మూసుకోవాలి. గాలికి స్టాండు కదులుతుందని ఫ్యాను కట్టేసేవాడు. వీధిలో చెరుకు లారీ వెళుతుంటే నేల అదురుతుందని అది దాటిపోయేదాకా ఆగేవాడు. చొక్కా తడిసి ముద్దయ్యాక బయటికొచ్చి, ఫిల్ము కడిగి ఆరబెట్టి, వెలుతురుకెత్తి చూసుకుంటే ఎప్పుడో పోయిన మనిషి నిన్నగాక మొన్న వచ్చి ఫొటో దిగినట్టుండేది.

నెగటివ్ మీద జనానికున్న నమ్మకం అంతా ఇంతా కాదు. చేత్తో గీసిన బొమ్మని బొమ్మంటారు, నమ్మితే నమ్ముతారు, లేకపోతే లేదు. నెగటివ్ ఉందంటే మాత్రం ఆ మనిషి ఆ మొహంతో కెమెరా ముందు కూర్చున్నాడన్నమాటే. చంద్రరావు ఆ నమ్మకాన్ని బాగా వాడుకున్నాడు. పోయినవారికి కూడా నెగటివ్ ఇవ్వబడును అని బోర్డు మీద రాయించాడు. నెగటివ్ అబద్ధం చెప్పదండి అని కౌంటరు దగ్గర వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. తను ఏ తెర ముందు ఏం చేసి దాన్ని పుట్టించాడో తనకి తెలుసు కదా. అయినా అనేవాడు.

మరుసటేడు వానలు వెనకబట్టాక దువ్వ నుంచి వీరవేణి అనే ఆవిడ వచ్చింది. రైతు కుటుంబం, నలభై దాటని మనిషి, మొహంలో ఎండ తెలుస్తోంది. చేతిలో పగిలిన పటం. అందులో ఉన్నది ఆవిడ భర్త అప్పాజీ. సామర్లకోట పంచదార ఫ్యాక్టరీలో పనిచేసేవాడట. అన్నవరం కొండ మీద పెళ్ళి చేసుకున్నారు, అప్పుడు ఫొటోలు తీయించే వాళ్ళెవరూ లేకపోయారు. కూతురు పావని ఇంకా పాకుతుండగానే కామెర్లొచ్చి పోయాడు. ఆవిడ పిల్లని తీసుకుని పుట్టిల్లు దువ్వ వచ్చేసింది. అటువైపు పెద్దలు పోయారు, రాకపోకలు పోయాయి. ఆయన బతుకు మొత్తానికి దిగిన ఫొటో అదొక్కటే, ఫ్యాక్టరీ గేటు పాసు కోసం దిగింది. దాన్నే పెద్దది చేయించి పటం కట్టించుకుంది. వానకి ఇల్లు కారి ఫొటో కాస్తా అద్దానికి అంటుకుపోయింది. తీయబోతే ఒక చెంపా, చెవీ, కాలరూ అద్దంతోపాటు ఊడొచ్చాయి. మా ఆయన్ని మళ్ళీ మనిషిని చేసి ఇవ్వండి అని ఆవిడ అడిగింది.

చెంప పోయింది గానీ కళ్ళు పోలేదు. అసలు సంగతి ఇక్కడే ఉంది. పాతకాలపు ఫొటో, మసకగా ఉంది, ఎడమకంటి మీదుగా నీటి మరక కూడా పోయింది. అయినా కళ్ళు రెండూ ఉన్నాయి. చంద్రరావు స్కాన్ చేసి, తెర మీద పెద్దది చేసి చూస్తే ఎడమకన్ను ముక్కు వైపుకి తిరిగి ఉంది. మరక వల్ల అలా కనిపిస్తోందేమో అనుకున్నాడు. ఇంకా పెద్దది చేశాడు. మరక కాదు, మెల్ల. అది అప్పాజీ కన్నే, అప్పాజీ చూపే.

తెలిసే చేశాడు. ఈ మాట మెత్తగా చెప్పడానికి వీల్లేదు. కుడికన్ను తీసి, అటుదిటు తిప్పి, ఎడమకంటి చోట పెట్టాడు. తిప్పితే కంటిలోని వెలుగుచుక్క రెండోపక్కకి పోతుందని గుర్తుపెట్టుకుని దాన్ని మళ్ళీ సరైన పక్కకి జరిపాడు. అంత జాగ్రత్త పడ్డాడు మహానుభావుడు. వీరవేణిని ఒక్కమాట అడగాలని మాత్రం తోచలేదు. మచ్చ ఉంచమంటారా తీసేయమంటారా అని టచింగ్ చేసేవాడు ఎవరినైనా అడుగుతాడా?

పటం తీసుకోవడానికి ఆవిడ ఒక్కతే వచ్చింది. చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. కళ్ళు బాగా తీర్చారండి అంది. చంద్రరావు దాన్ని మెప్పనుకున్నాడు. నెగటివ్‌ని నూనెకాగితం కవర్లో పెట్టిచ్చి, ఇది జాగ్రత్తగా ఉంచుకుంటే మీ మునిమనవల దాకా ఫొటోలు వస్తూనే ఉంటాయన్నాడు. అంతటితో ఊరుకోలేదు. చెడిన పటం ఇంట్లో ఉండకూడదమ్మా, పాతదాన్ని గోదావరిలో కలిపేయండి అని సలహా కూడా ఇచ్చాడు. ఆ తట్టున అందరూ చేసేదే అది. కార్తీకమాసంలో ఆవిడ గోదావరి ఒడ్డున సిద్ధాంతం ఊరి రేవుకి స్నానానికి వెళ్ళినప్పుడు పాత ఫొటోని పసుపుగుడ్డలో చుట్టి నీళ్ళలో వదిలేసింది. ఇక్కడ చంద్రరావు కంప్యూటర్లో చోటు చాలక, స్కాన్ చేసిన అసలు బొమ్మని తుడిచేశాడు. నెగటివ్ వచ్చాక ఇక దానితో పనేముంది, అది ఆయన పద్ధతి. అలా అప్పాజీ అసలు మొహం లోకంలో ఎక్కడా లేకుండా పోయింది.

రెండువేల రెండు వేసవిలో వీరవేణి మళ్ళీ వచ్చింది. ఈసారి వెంట కూతురు పావని ఉంది. ఇంటర్ పాసైంది, డిగ్రీ కాలేజీలో దరఖాస్తుకి పాస్‌పోర్ట్ ఫొటోలు కావాలన్నారు. స్టూడియోలో అప్పటికే ఒక రైసు మిల్లు వారి కుటుంబం కూర్చుని పెళ్ళి ఆల్బమ్ తిరగేస్తోంది. చంద్రరావు పావనిని స్టూలు మీద కూర్చోబెట్టి, దీపాలు వేసి, కెమెరాలోంచి చూశాడు. అమ్మాయి ఎడమకన్ను ముక్కు వైపుకి తిరిగి ఉంది. కాస్త పక్కకి తిరిగి కూర్చోవచ్చాండీ అని పావని అడిగింది. కుదరదమ్మా, దరఖాస్తుకి తిన్నగానే ఉండాలన్నాడు. ఆ అమ్మాయి రెప్పలు సగం వాల్చుకుని కూర్చుంది. ఎలాగో ఫొటో తీశాడు.

దరఖాస్తు ఫొటోలు ఒక వంక మాత్రమే. వీరవేణి కౌంటరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. చిన్నప్పటి నుంచి బడిలో పిల్లలు మెల్లకన్ను అని ఏడిపిస్తే పావని ఏడుస్తూ వచ్చేది. అది మీ నాన్న కన్నే, ఆయన నీకిచ్చి వెళ్ళారు అని తల్లి చెప్పేది. పాత ఫొటో మసక, పైగా ఎత్తున వేలాడేది, అందులో తెలిసేది కాదు గానీ పిల్ల తల్లి మాట నమ్మింది, ఏడుపు మానింది. కొత్త పటం వచ్చిన రోజున స్టూలు ఎక్కి చూసింది. నాన్న కళ్ళు రెండూ తిన్నగా ఉన్నాయి. నన్ను ఊరడించడానికి ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పావా అంది. అంతటితో పోలేదు. నాన్న నన్ను భుజం మీదేసుకుని ఫ్యాక్టరీ గేటు దాకా తీసుకెళ్ళేవాడన్నావు, అదీ అబద్ధమేనా అంది. అప్పటి నుంచి వాళ్ళ నాన్న గురించి తల్లి ఏం చెప్పినా వినిపించుకోవడం మానేసింది. ఆ మాటెత్తితే లేచి వెళ్ళిపోతోంది. మేనమామ చెప్పినా, అమ్మ చెప్పమంటే చెప్పాడని కొట్టిపారేసింది.

"పాతది మీ దగ్గరేమన్నా ఉందాండీ?" అని వీరవేణి అడిగింది. లేదన్నాడు. "పోనీ, మీరు పెద్దది చేసి చూసుంటారు కదా. మీరొక మాట చెబితే నమ్ముతుందండి."

వెనక నుంచి పావని వచ్చి నిలబడింది. తల్లి తిరిగి చూసేలోగానే తిన్నగా అడిగేసింది. "పాత ఫొటోలో మా నాన్నకి మెల్ల ఉందాండీ?"

మిల్లు వాళ్ళు ఆల్బమ్ తిరగేయడం ఆపి తలెత్తారు. నిజం చంద్రరావు నోటి దాకా వచ్చింది. ఉందమ్మా, నేనే తీసేశాను అంటే సరిపోయేది. కానీ ఎదురుగా నలుగురు ఉన్నారు, నెత్తిమీద బోర్డుంది, ఊళ్ళో పేరుంది. తన చేతి నుంచి వెళ్ళిన పటాలన్నీ ఆ ఒక్క క్షణంలో కళ్ళ ముందు తిరిగాయి. ఇదొక్కటి ఒప్పుకుంటే అవన్నీ ఏం కావాలి?

"ఫొటోలో ఏముందో అదే చేశానమ్మా. నెగటివ్ అబద్ధం చెప్పదు కదా" అన్నాడు.

పావని తల్లి వైపు చూడను కూడా చూడలేదు, మెట్లు దిగి వెళ్ళిపోయింది. వీరవేణి ఒక్కసారి చంద్రరావు మొహంలోకి చూసింది. తిట్టలేదు, నిలదీయలేదు. వస్తానండి అని, కూతురి వెనకాల వెళ్ళిపోయింది. నువ్వు దొంగవి అని నలుగురిలో అనేసి ఉంటే చంద్రరావుకి తేలికగా ఉండేది.

ఆ పూట అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. వంకాయ కూర బాగోలేదా అని పరమేశ్వరి అడిగింది. బాగుందన్నాడు. అప్పటి నుంచి ఆయనకో జబ్బు పట్టుకుంది. తణుకులో ఏ ఇంటికి వెళ్ళినా గోడ మీది ఫొటోలు చూడటం మొదలుపెట్టాడు. నరసాపురం రోడ్డులో ఒక ఇంట్లో తను స్ఫోటకం మచ్చలు పూడ్చిన ముసలాయన కనిపించాడు. బియ్యం కొట్టు వారింట్లో పెదవి మీది పుట్టుమచ్చ తీసేసిన పెద్దావిడ కనిపించింది. ఆవిడ మనవరాలికి అదే చోట పుట్టుమచ్చ ఉంది. కాఫీ తాగకుండానే గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాడు. ఎందరి మొహాలు మార్చి వాళ్ళ పిల్లల చేతిలో పెట్టాను అనుకున్నాడు. ఇన్నాళ్ళూ తను మనుషుల్ని బాగుచేస్తున్నాననే అనుకున్నాడు, పాపం. పాపం అనడం కూడా ఎందుకులెండి. మిల్లు వాళ్ళ ముందు ఆ మాటన్నప్పుడు ఏమీ తెలియని మనిషి కాదు కదా.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం ఇక ఉండబట్టలేక స్కూటరు తీసి దువ్వ వెళ్ళాడు. వీరవేణి కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. పావని అరుగు మీద కూర్చుని చదువుకుంటోంది. లోపల గోడ మీద అప్పాజీ రెండు కళ్ళూ తిన్నగా పెట్టుకుని చూస్తున్నాడు. చంద్రరావు ఆ వైపు చూడకుండా, తల వంచుకుని, జరిగిందంతా చెప్పేశాడు. మెల్ల ఉందమ్మా, ఎడమకన్నే, నేనే తీసేశాను, ఆ రోజు నలుగురిలో పరువు పోతుందని అబద్ధం చెప్పాను, తప్పు నాదే, మీ అమ్మది కాదు అన్నాడు.

పావని అంతా విని పుస్తకం మూసింది.

"అమ్మ రమ్మందాండీ?" అని అడిగింది.

"లేదమ్మా. నేను వస్తానని ఆవిడకి తెలియనే తెలియదు."

"మావయ్య కూడా ఇలాగే అన్నాడండి. నా మంచికే చెబుతున్నారు, నాకు తెలుసు." ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు, విసుగు కూడా లేదు. "నెగటివ్ అబద్ధం చెప్పదని మీరే అన్నారు కదండీ."

అబద్ధం చెప్పినప్పుడు ఒక్క మాటకే నమ్మిన పిల్ల, నిజం చెబితే నమ్మడం లేదు. ఎలా నమ్ముతుంది? చేతిలో నెగటివ్ ఉంది, దాన్ని ఇచ్చినవాడు తనే.

స్కూటరు దాకా వీరవేణి వచ్చింది. అప్పుడు చెప్పింది ఆవిడ తన మనసులో ఉన్నది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ కన్ను దాచుకునే తిరిగాడట. ఎవరైనా ఎదురుపడితే పక్కకి తిరిగి మాట్లాడేవాడట. కొత్త పటం చూడగానే మా ఆయన కాదు అనుకుందట గానీ, పోనీలే, ఫొటోలోనైనా తలెత్తుకుని ఉంటాడు అని ఊరుకుందట. పిల్ల సంగతి నాకు తోచలేదండి, మీ ఒక్కరిదే కాదు తప్పు అంది. తన బరువు తగ్గించడానికే ఆవిడ ఆ మాటందని చంద్రరావుకి తెలుసు. తగ్గలేదు సరికదా, ఆవిడ ముందు నిలబడటానికి మొహం చెల్లలేదు.

దారి పొడుగునా ఆలోచించాడు. మర్నాడు మధ్యాహ్నం బేరాలు లేని వేళ తలుపులు వేసి, వేసవిలో తీసిన పావని పాస్‌పోర్ట్ ఫొటో నెగటివ్ వెతికి బయటికి తీశాడు. ఫొటో కడిగి, స్కాన్ చేసి, తెర మీద పెట్టాడు. రెప్పలు సగం వాల్చుకుని కూర్చున్న పిల్ల, ముక్కు వైపుకి తిరిగిన ఎడమకన్ను. కుడికన్ను తీశాడు, తిప్పాడు, పెట్టాడు. వెలుగుచుక్క జరిపాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు, తడబడలేదు, దానికి ఏ బాధా లేదు. పిల్ల చక్కగా తయారైంది, పెళ్ళిచూపులకి పంపితే ఒక్కరు వంక పెట్టరు. ఇంత తేలికగా అయిపోయే పనా ఇది అనిపించి చంద్రరావు కుర్చీలో వెనక్కి జారగిలబడ్డాడు. తన చెయ్యి మీద తనకే అసహ్యం వేసింది. తరవాత లేచి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, ఫ్యాను కట్టేసి, ఆ మొహాన్ని ఫిల్ము మీదికి దింపాడు.

నెగటివూ, దాని నుంచి కడిగిన ఫొటో ఒకటీ జేబులో పెట్టుకుని మళ్ళీ దువ్వ వెళ్ళాడు. వీరవేణి పెరట్లో గిన్నెలు తోముతోంది. పావని గుమ్మంలోకి వచ్చి, మళ్ళీ ఏంటండీ అంది. చంద్రరావు జేబులోంచి నెగటివ్ తీసి చేతికిచ్చాడు. ఆ అమ్మాయి వెలుతురుకెత్తి చూసింది. నల్లని మొహం, తెల్లని జుట్టు, పెద్దగా ఏమీ తెలియలేదు. నాదేనా అంది. నీదేనమ్మా అన్నాడు. అప్పుడు ఫొటో ఇచ్చాడు.

పావని దాన్ని చూసింది. చూస్తూనే ఉంది. ఎడమచెయ్యి తనకి తెలియకుండానే కంటి దగ్గరికి వెళ్ళింది. నెగటివ్‌ని మళ్ళీ ఎత్తి చూసి, మళ్ళీ ఫొటో చూసింది.

"ఇది నేను కాదు" అంది.

"గోడ మీద ఉన్నది మీ నాన్న కూడా కాదమ్మా" అన్నాడు చంద్రరావు.

పావని గోడ వైపు తిరిగింది. ఎంతసేపు చూసిందో, ఆ పటంలో ఏం వెతుక్కుందో ఎవరికి తెలుసు. పెరట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ పడలేదు. చంద్రరావు ఆగలేక, దారిలో అనుకున్న మాట బయటపెట్టాడు. నీ కన్ను ఫొటో తీసి ఆయన మొహంలో పెడతానమ్మా, అచ్చం అలాగే వస్తుంది, మళ్ళీ నెగటివ్ చేసిస్తాను, ఈ పని నన్ను చేయనివ్వు అన్నాడు. బతిమాలినట్టే అన్నాడు.

"వద్దండి" అంది పావని. "మీరు పెడితే అది మళ్ళీ మీరు పెట్టిన కన్నే అవుతుంది."

ఆ మాట అరిచి అనలేదు, కసిగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది. చంద్రరావు చేతులు రెండూ జోడించాడు. ఎందుకు జోడించాడో ఆయనకే తెలియదు. చెప్పులేసుకుని మెట్లు దిగాడు. కాఫీ తాగి వెళ్ళండని ఎవరూ అనలేదు, ఆయన ఆశించనూ లేదు. స్కూటరు స్టాండు తీస్తుండగా లోపల నుంచి పావని గొంతు వినిపించింది.

"అమ్మా, నాన్న నన్ను గేటు దాకా ఎత్తుకెళ్ళేవాడా?"

పెరటి తలుపు చప్పుడైంది. ఆ తరవాత వీరవేణి చెప్పడం మొదలుపెట్టింది. మొదటి మాటలు ఏడుపులో కలిసిపోయి తెలియలేదు. ఎడమభుజం మీద అంది, పొద్దున్నే సైరన్ కూయకముందే అంది, నువ్వు ఆయన చెవి పట్టుకుని వదిలేదానివి కాదు అంది. చంద్రరావు స్కూటరు స్టార్ట్ చేయబోయి ఆగిపోయాడు. ఆ చప్పుడుకి లోపల ఆ మాట తెగిపోతుందేమోనని, బండిని వీధి చివరి దాకా నెట్టుకుంటూ వెళ్ళాడు.